షేరింగ్ ఫోల్డర్‌లో తెరిచి ఉన్న ఫైలును ఇంకొకరు డిలీట్ చేస్తే: ఏ ఆఫీసుకు ఏ ఏర్పాటు?

ఒంగోలులో గ్రానైట్ ఎగుమతి ఆఫీసైనా, నెల్లూరు ట్రంకు రోడ్డులో ఆడిటరు గారి ఆఫీసైనా, కొత్త సిస్టమ్‌లు తీసుకునేటప్పుడు ర్యామ్ ఎంత, డిస్క్ ఎంత అని బేరమాడతారు. అందరూ కలిసి వాడుకునే ఫోల్డర్‌ను ఎక్కడ పెట్టాలన్నది మాత్రం చివర్లో, కేబుళ్ళు లాగే కుర్రాడు వెళ్ళిపోయే ముందు తేలుతుంది. ముందు గదిలో ఉన్న సిస్టమ్‌లో ఒక ఫోల్డర్ షేర్ చేసి, మిగతా అందరికీ అది జెడ్ డ్రైవ్‌గా కనిపించేలా పెట్టేసి వెళ్ళిపోతాడు. సంవత్సరం పాటు బాగానే నడుస్తుంది. ఆ తర్వాత ఒక రోజు, జీఎస్టీఆర్-1 (నెల అమ్మకాల రిటర్న్) వేయాల్సిన 11వ తేదీకి ఒకట్రెండు రోజుల ముందు, ఇలాంటి మాటలు వినిపిస్తాయి:

"అన్నా, ఆ పాత షీటు తీసేశా."

"ఏ షీటు? నేను దాంట్లోనే పని చేస్తున్నా గదా!"

ఒకరు తెరిచి పెట్టుకున్న ఫైలును ఇంకొకరు డిలీట్ కొడితే ఏమవుతుంది అన్నదానికి ఒకే జవాబు లేదు. ఫోల్డర్ ఎక్కడుంది, ఏ పద్ధతిలో షేర్ అయింది, ఫైలును ఏ ప్రోగ్రాం తెరిచింది అనే మూడింటిని బట్టి మారుతుంది. ఒక చోట డిలీట్ కానివ్వదు. ఇంకో చోట మాట్లాడకుండా పోతుంది. మరో చోట పేరు కనిపిస్తుంది గానీ తెరవబోతే తెరుచుకోదు. అందుకే ఏర్పాటు ఎంచుకునేటప్పుడే ఈ ప్రశ్న వేసుకోవాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. నాలుగైదు నుంచి పదిహేను దాకా సిస్టమ్‌లు ఉన్న ఆఫీసుకు రీసైకిల్ ఫోల్డర్ (డిలీట్ కొట్టినవి దాచేది), స్నాప్‌షాట్లు (ఆయా సమయాల్లో ఫోల్డర్ ఎలా ఉందో గుర్తు పెట్టుకునేవి) రెండూ ఉన్న నాస్ పెట్టె, అంటే అందరి ఫైళ్ళూ ఉంచుకోవడానికి నెట్‌వర్క్‌కు తగిలించే డిస్కుల పెట్టె, మంచిది. ఎందుకో తెలియాలంటే మిగతావి ఎలా పనిచేస్తాయో కూడా చూడాలి.

మామూలు విండోస్ సిస్టమ్‌లో షేర్ చేసిన ఫోల్డర్

మన దగ్గర ఎక్కువ చోట్ల ఉన్నది ఇదే. అదనంగా ఖర్చు లేదు. విండోస్ 10, 11 ప్రో సిస్టమ్‌కు ఒకేసారి 20 మంది దాకా కనెక్ట్ కావచ్చు, చిన్న ఆఫీసుకు అది చాలు.

విండోస్‌లో ప్రతి ప్రోగ్రామూ ఫైలు తెరిచేటప్పుడే "నేను వాడుతున్నంతసేపు ఇతరులు చదవొచ్చా, రాయొచ్చా, డిలీట్ చేయొచ్చా" అనే మూడు విషయాలు సిస్టమ్‌కు చెబుతుంది. ఎక్సెల్, వర్డ్ డిలీట్‌కు ఒప్పుకోవు. కాబట్టి పక్క సిస్టమ్‌లో ఎక్సెల్‌లో తెరిచి ఉన్న షీటును మీరు డిలీట్ కొడితే, ఫైలు వాడకంలో ఉందనే మెసేజ్ వచ్చి పని ఆగిపోతుంది. నోట్‌ప్యాడ్ అలా కాదు. ఫైలును ఒక్కసారి చదివేసుకుని వదిలేస్తుంది. స్క్రీన్ మీద కనిపిస్తూనే ఉంటుంది, కానీ సిస్టమ్ లెక్కలో అది తెరిచి ఉన్న ఫైలు కాదు. ఎవరు డిలీట్ కొట్టినా ఏ మెసేజూ రాకుండా పోతుంది.

ఈ రెండింటికీ మధ్యన ఇంకో స్థితి ఉంది, జనానికి ఎక్కువ టెన్షన్ పెట్టేది అదే. ఫైలు తెరిచిన ప్రోగ్రాం డిలీట్‌కు ఒప్పుకుని ఉంటే, సిస్టమ్ దాన్ని "పోవాల్సిన ఫైలు" అని గుర్తు పెట్టుకుంటుంది, కానీ చివరి మనిషి మూసేదాకా తీసేయదు. ఈలోపు ఫోల్డర్‌లో పేరు కనిపిస్తుంది. తెరవబోతే అనుమతి లేదంటుంది. అదే పేరుతో కొత్త ఫైలు పెట్టబోయినా ఒప్పుకోదు. పర్మిషన్లు చెడిపోయాయనుకుని వాటిని కెలకడం మొదలుపెడతారు. పర్మిషన్లలో తప్పేమీ లేదు, ఎవరో ఒకరు ఆ ఫైలును ఇంకా మూయలేదు, అంతే.

ఎవరు తెరిచారో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. ఫోల్డర్ ఉన్న సిస్టమ్‌లో కంప్యూటర్ మేనేజ్‌మెంట్ తెరిచి, షేర్డ్ ఫోల్డర్స్ కింద ఓపెన్ ఫైల్స్ చూడండి. యూజరు పేరు, ఫైలు పేరు పక్కపక్కనే ఉంటాయి. అక్కడి నుంచే బలవంతంగా మూయొచ్చు కూడా. కానీ అలా మూస్తే అవతలి మనిషి సేవ్ చేయని పని పోవచ్చు. ముందు ఒక ఫోన్ చేయండి.

ఫోల్డర్ మొత్తాన్ని డిలీట్ కొట్టినప్పుడు జరిగేది ఇంకా ప్రమాదం. లోపల ఇరవై ఫైళ్ళుండి ఒకటి మాత్రమే ఎవరో తెరిచి ఉంటే, ఆ ఒక్కదాని గురించి "మళ్ళీ ప్రయత్నించాలా, వదిలేయాలా" అని అడుగుతుంది. ఆ మెసేజ్ వచ్చేసరికే మిగతావాటిలో కొన్ని పోయి ఉంటాయి. స్కిప్ నొక్కితే మిగిలినవీ పోతాయి. లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీలోని కంపెనీ డేటా ఫోల్డర్‌కు ఇలా జరిగితే సగం ఫైళ్ళు ఉండి సగం లేని డేటా మిగులుతుంది. అది ట్యాలీలో తెరుచుకుంటుందని ఆశ పెట్టుకోవద్దు. ఇలాంటి మెసేజ్ వస్తే స్కిప్ జోలికి పోకుండా క్యాన్సిల్ కొట్టి, ఏమేం పోయాయో చూసుకోవడం మేలు.

"సరే, డిలీట్ అయినా రీసైకిల్ బిన్‌లో ఉంటుంది గదా" అనుకుంటారు. ఉండదు. నెట్‌వర్క్ డ్రైవ్ మీది ఫైలును పక్క సిస్టమ్ నుంచి డిలీట్ కొడితే అది మీ రీసైకిల్ బిన్‌లోకీ పోదు, ఫోల్డర్ ఉన్న సిస్టమ్ రీసైకిల్ బిన్‌లోకీ పోదు. నేరుగా పోతుంది. శాశ్వతంగా తొలగించాలా అని అడిగే మెసేజ్‌ను చదవకుండా ఎస్ కొట్టడం అందరికీ అలవాటే. మామూలు విండోస్ షేరింగ్‌లో పెద్ద లోపం ఇదేనని నేను అంటాను. ఫైలు వాడకంలో ఉందని ఆపడం మంచిదే, కానీ ఆ మనిషి భోజనానికి వెళ్తూ ఎక్సెల్ మూసేసిన మరుక్షణం ఆ అడ్డు కూడా ఉండదు.

డిలీట్ పర్మిషన్ తీసేస్తే సరిపోదా?

చాలామంది ఓనర్లు అడిగే మాట ఇది. "ఎవరికీ డిలీట్ ఇవ్వొద్దు, రాసుకోనివ్వు చాలు" అంటారు. వినడానికి బాగుంటుంది గానీ ఎక్సెల్, వర్డ్‌లతో కుదరదు. ఎక్సెల్‌లో సేవ్ కొడితే అది పాత ఫైలు మీదే రాయదు. అదే ఫోల్డర్‌లో వింత పేరుతో ఒక తాత్కాలిక ఫైలు పెట్టి, అందులో మొత్తం రాసి, పాతదాన్ని డిలీట్ చేసి, కొత్తదానికి పాత పేరు పెడుతుంది. అంటే మీరు కొట్టే ప్రతి సేవ్‌లోనూ ఒక డిలీట్ దాగి ఉంది. డిలీట్ హక్కు లేకపోతే సేవ్ ఫెయిల్ అవుతుంది, ఫోల్డర్ నిండా ఆ వింత పేర్ల ఫైళ్ళు మిగిలిపోతాయి. సంవత్సరం ముగిసిన పాత లెక్కల ఫోల్డర్‌ను అందరికీ చదవడానికి మాత్రమే ఇవ్వండి, అది మంచి పని. రోజూ రాసుకునే ఫోల్డర్‌కు మాత్రం ఈ ఉపాయం పనికిరాదు.

విండోస్ సర్వర్

తాళం వేసే పద్ధతి, అంటే తెరిచి ఉన్న ఫైలును డిలీట్ కానివ్వకుండా ఆపడం, పైన చెప్పిందే. తేడా షాడో కాపీలలో ఉంది. 2003 సర్వర్ నుంచీ ఉన్న సదుపాయం ఇది. నిర్ణీత సమయాల్లో డ్రైవ్ ఎలా ఉందో గుర్తు పెట్టుకుంటుంది. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ప్రీవియస్ వెర్షన్స్ చూస్తే పొద్దున ఉన్న ఫోల్డర్ కనిపిస్తుంది, పోయిన ఫైలును అక్కడి నుంచి లాక్కోవచ్చు. ముందు దీన్ని ఆన్ చేయాలి. ఆన్ చేసిన తర్వాత కూడా మామూలుగా ఉండే టైములు సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం 7, మధ్యాహ్నం 12 మాత్రమే. మన ఆఫీసులు శనివారం కూడా తెరిచే ఉంటాయి, సాయంత్రం ఎనిమిదైనా లైట్లు ఆరవు. మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టిన షీటు ఆరింటికి పోతే 12 గంటల కాపీలో అది ఉండనే ఉండదు. కాబట్టి టైములు పెంచుకోండి. ఒక డ్రైవ్‌కు 64 కాపీలు దాటితే పాతవి పోతూ ఉంటాయి, ఆ లెక్క కూడా చూసుకోవాలి.

ఎవరు డిలీట్ చేశారో రాసిపెట్టే ఆడిటింగ్ కూడా ఇందులో ఉంది. ఆన్ చేసి ఉంచితే ఈవెంట్ లాగ్‌లో 4660, 4663 నంబర్లతో నమోదవుతుంది. లైసెన్సు ఖర్చు, చూసుకునే మనిషి రెండూ కావాలి. ఇప్పటికే డొమైన్ (అందరి లాగిన్‌లూ ఒకే సర్వర్ చూసుకునే ఏర్పాటు) పెట్టుకున్న పెద్ద ఫీడ్ కంపెనీలకో, ఆసుపత్రులకో ఇది సరిపోతుంది. నలుగురుండే ఆఫీసుకు అంత అవసరం లేదు.

నాస్ పెట్టె, లోపల సాంబా

సినాలజీ, క్యూనాప్ లాంటి పెట్టెలు గానీ, పాత సిస్టమ్‌లో ట్రూనాస్ అనే నాస్ సాఫ్ట్‌వేర్ వేసి తయారు చేసుకున్నది గానీ, లోపల నడిచేది సాంబా. ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ 1992లో మొదలుపెట్టిన ఈ ప్రోగ్రాం, విండోస్‌కు బదులు లైనక్స్‌తో నడిచే సిస్టమ్‌ను విండోస్ షేరింగ్‌లా కనిపించేలా చేస్తుంది. మీ ఎక్సెల్‌కు తేడా తెలియదు. ఒకరు తెరిచి ఉంటే ఇంకొకరిని డిలీట్ చేయనివ్వదు, అచ్చం విండోస్ లాగే.

డిలీట్ అయ్యాక జరిగేదే అసలు తేడా. సాంబాలో రీసైకిల్ అనే సదుపాయం ఆన్ చేస్తే, నెట్‌వర్క్ నుంచి డిలీట్ కొట్టిన ఫైలు పోకుండా ఒక పక్క ఫోల్డర్‌లోకి చేరుతుంది. పాత ఫోల్డర్ల వరుస చెదరకుండా ఉంచమని, అదే పేరుతో రెండోది వస్తే రెండూ దాచమని చెప్పుకోవచ్చు. సినాలజీ, క్యూనాప్‌లలో దీనికి ఒక టిక్ పెడితే చాలు. విండోస్ షేరింగ్‌లో లేనిది సరిగ్గా ఇదే, మన ఆఫీసులకు ఎక్కువగా కావలసిందీ ఇదే.

రెండు జాగ్రత్తలు. ఎక్సెల్ ప్రతి సేవ్‌లోనూ డిలీట్ చేస్తుందని చెప్పాను గదా, ఆ పాత కాపీలన్నీ రీసైకిల్‌లోకి వచ్చి పడతాయి. దాన్ని ఎప్పటికప్పుడు ఖాళీ చేసే షెడ్యూల్ పెట్టకపోతే డిస్క్ నిండుతుంది. నెల రోజుల గడువు పెడితే హాయిగా ఉంటుంది. రెండోది ఇంకా ముఖ్యం. ఎవరైనా ఫైలులో ఉన్నదంతా చెరిపేసి సేవ్ కొడితే రీసైకిల్‌ను నమ్ముకోలేం, ఎందుకంటే అక్కడ పోయింది లోపలి సమాచారం, ఫైలు కాదు. అందుకు స్నాప్‌షాట్లు కావాలి. గంటకొకటి పెట్టినా అవి తినే చోటు తక్కువ, ఎందుకంటే మారిన భాగాలకే చోటు పడుతుంది. సినాలజీలో స్నాప్‌షాట్ కావాలంటే బీటీఆర్‌ఎఫ్‌ఎస్ (డిస్క్ మీద ఫైళ్ళను అమర్చే ఒక పద్ధతి) వాడే మోడల్ తీసుకోవాలి. అన్ని మోడళ్ళలో ఉండదు, కొనేముందే అడగండి. కొట్టువాడు చూపించే తక్కువ ధర మోడల్‌లో చాలాసార్లు లేనిది ఇదే.

ఇంకో మాట. ఈ తాళాలు సాంబా గుండా వచ్చేవాళ్ళకే వర్తిస్తాయి. అదే ఫోల్డర్‌ను ఇంకో దారిలో (కింద చెప్పే ఎన్‌ఎఫ్‌ఎస్ లాంటిది) కూడా తెరిచి పెడితే, ఆ దారిలో వచ్చినవాళ్ళు ఎక్సెల్ తెరిచి ఉన్న ఫైలునైనా డిలీట్ చేయగలరు, అది రీసైకిల్‌లోకి కూడా పోదు. ఒక ఫోల్డర్‌కు ఒకే దారి పెట్టుకోండి.

ఎన్‌ఎఫ్‌ఎస్

ఇది లైనక్స్ సిస్టమ్‌ల మధ్య షేరింగ్. ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులు, సాఫ్ట్‌వేర్ పని చేసే చిన్న టీములు వాడతాయి. లైనక్స్‌లో డిలీట్ అంటే ఫోల్డర్‌లోంచి పేరు తీసేయడమే. ఇంటి ముందున్న డోర్ నంబరు పలక పీకేసినట్టు: లోపల ఉన్నవాళ్ళు లోపలే ఉంటారు, కొత్తగా వచ్చేవాళ్ళకు ఇల్లు దొరకదు. చివరి మనిషి ఫైలు మూశాకే డిస్క్ మీద చోటు ఖాళీ అవుతుంది. ఒకే సిస్టమ్ లోపల ఇది చక్కగా నడుస్తుంది.

నెట్‌వర్క్ మీదికి వచ్చేసరికి చిక్కు మొదలైంది. పాత ఎన్‌ఎఫ్‌ఎస్‌లో, 1995 నాటి మూడో వెర్షన్ దాకా, ఏ ఫైలు ఎవరు తెరిచారో సర్వర్ గుర్తు పెట్టుకోదు. అందుకని మీ సిస్టమే ఒక ఉపాయం చేస్తుంది. తాను తెరిచి ఉన్న ఫైలును తానే డిలీట్ చేయాల్సి వస్తే, తీసేయకుండా డాట్ ఎన్‌ఎఫ్‌ఎస్ అని మొదలయ్యే దాపుడు పేరుకు మార్చి, మూశాక తీసేస్తుంది. ఫోల్డర్ డిలీట్ కాకుండా, ఖాళీగా లేదని మొరాయిస్తే లోపల అలాంటి ఫైలు ఉందేమో చూడండి. దాన్ని తీసేసినా మళ్ళీ వస్తుంది. తెరిచిన ప్రోగ్రాంను ఆపడమే మందు.

కానీ ఈ ఉపాయం ఒకే సిస్టమ్ వరకే. పక్క సిస్టమ్ నుంచి ఎవరైనా డిలీట్ చేస్తే మీ సిస్టమ్‌కు ఆ సంగతి తెలియదు. తర్వాత చదవబోతే "స్టేల్ ఫైల్ హ్యాండిల్" (ఆ ఫైలు ఇక లేదని అర్థం) అని వస్తుంది, అంతటితో సరి. నాలుగో వెర్షన్‌లో సర్వర్ గుర్తు పెట్టుకోవడం మొదలైంది, అయినా లైనక్స్ సిస్టమ్‌లు ఆ పేరు మార్చే ఉపాయాన్ని వదల్లేదు. ఒకే ఫైలు మీద ఇద్దరు ముగ్గురు పని చేసే ఆఫీసుకు ఎన్‌ఎఫ్‌ఎస్ వద్దు. ఎవరి ఫోల్డర్ వాళ్ళకుండే ల్యాబుకు బాగుంటుంది.

గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్

ఇవి నెట్‌వర్క్ డ్రైవ్‌లా కనిపిస్తాయి గానీ లోపల పద్ధతి వేరు. గూగుల్ షీట్ అయితే ఇద్దరూ ఒకే చోట రాస్తుంటారు, డిలీట్ చేసినది ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది. వన్‌డ్రైవ్‌లో సొంత అకౌంటుకు 30 రోజులు, ఆఫీసు అకౌంటుకు 93 రోజులు. చీమకుర్తి క్వారీ దగ్గర ఒకరు, ఒంగోలు ఆఫీసులో ఒకరు కలిసి బ్లాకుల కొలతలు రాసుకోవాలంటే నేను ఇదే చెప్తాను. మధ్యలో షేరింగ్ ఫోల్డర్ పెట్టి తిప్పలు పడక్కర్లేదు.

ఎక్సెల్ ఫైళ్ళను సిస్టమ్‌లో పెట్టి సింక్ చేసుకుంటే మాత్రం కథ మారుతుంది. అక్కడ ప్రతి సిస్టమ్‌లోనూ ఒక్కో కాపీ ఉంటుంది. మీరు తెరిచి ఉండగా ఇంకొకరు తన సిస్టమ్‌లో డిలీట్ చేస్తే, మీరు వాడుతున్నట్టు అతని సిస్టమ్‌కు తెలియదు కాబట్టి ఏ అడ్డూ ఉండదు. డిలీట్ ముందు క్లౌడ్‌కు పోయి, తర్వాత మీ దగ్గరికి వస్తుంది. ట్యాలీ డేటాను మాత్రం సింక్ ఫోల్డర్‌లో పెట్టొద్దు. ట్యాలీ నడుస్తుండగా ఒక్కో ఫైలూ ఒక్కో సమయానికి పైకి పోతే, ఒకదానికొకటి పొంతన లేని డేటా తయారవుతుంది. ట్యాలీలోనే బ్యాకప్ తీసి, ఆ బ్యాకప్ ఫైలును క్లౌడ్‌లో పెట్టుకోండి.

కరెంటు పోతే

ఎండాకాలం మన దగ్గర ఇది పక్కన పెట్టే విషయం కాదు. విండోస్ సిస్టమ్‌లో "పోవాల్సిన ఫైలు"గా ఉన్నది, ఎవరూ మూయకముందే సర్వర్ ఆగిపోతే, మళ్ళీ ఆన్ చేశాక అలాగే ఉంటుంది, ఎందుకంటే ఆ గుర్తు మెమరీలోనే ఉంది. సాంబాలోనూ అంతే. లైనక్స్‌లో నేరుగా డిలీట్ చేసినదైతే, పేరు అప్పటికే పోయింది కాబట్టి ఆన్ అయ్యేటప్పుడు మిగిలినదాన్నీ శుభ్రం చేసేస్తుంది. ఎన్‌ఎఫ్‌ఎస్‌లో మీ సిస్టమ్ ఆగిపోతే ఆ డాట్ ఎన్‌ఎఫ్‌ఎస్ ఫైళ్ళు సర్వర్‌లో అనాథలుగా మిగిలిపోతాయి. వారం దాటినవాటిని తీసేసే షెడ్యూల్ పెట్టుకోవాలి. నాస్‌కు యూపీఎస్ తప్పనిసరి. 2021 నవంబరు వరదలు చూసిన నెల్లూరు వాళ్ళకు, నాస్‌ను నేల మీద పెట్టొద్దని నేను వేరే చెప్పక్కర్లేదు.

ఎవరికి ఏది

నలుగురైదుగురు ఉండే ఆడిటరు ఆఫీసు, రైసు మిల్లు ఆఫీసు, గ్రానైట్ ఆఫీసు: రెండు డిస్కుల నాస్, రీసైకిల్ ఆన్, గంటకో స్నాప్‌షాట్. రెండు డిస్కులున్నాయి గదా అని బ్యాకప్ మానొద్దు, ఒక డిస్కులో డిలీట్ అయినది అదే క్షణంలో రెండో దాంట్లోనూ పోతుంది. ఇప్పుడే డబ్బు పెట్టలేమంటే విండోస్ షేరింగ్‌నే ఉంచి, రోజూ సాయంత్రం బయటి డిస్కుకు కాపీ తీసి, ఆ డిస్కు పీకి బీరువాలో పెట్టండి. ఒక రోజు పని పోయే ప్రమాదం ఉంటుంది, అది ఒప్పుకుని నడవాలి. డొమైన్, ఐటీ మనిషి ఉన్న చోట విండోస్ సర్వర్ మంచిదే, షాడో కాపీ టైములు మార్చుకుంటే. వేరువేరు ఊళ్ళ నుంచి రాసేవాళ్ళకు గూగుల్ షీట్.

ఇప్పుడే డిలీట్ అయిపోయి ఉంటే

ఫైలు ఎవరి స్క్రీన్ మీదైనా తెరిచి ఉందేమో ముందు కనుక్కోండి. ఉంటే వాళ్ళను మూయొద్దని చెప్పండి. సేవ్ యాజ్ కొట్టి తమ సిస్టమ్ డెస్క్‌టాప్ మీద వేరే పేరుతో పెట్టుకోమనండి. పైన చెప్పిన ఏ ఏర్పాటులోనైనా ఇదే మొదటి దారి. తర్వాత నాస్ రీసైకిల్, స్నాప్‌షాట్, ప్రీవియస్ వెర్షన్స్, క్లౌడ్ ట్రాష్, మీ దగ్గర ఏది ఉంటే అది చూడండి. ఇవేవీ లేని మామూలు విండోస్ షేరింగ్ అయితే, ఫోల్డర్ ఉన్న సిస్టమ్‌లో అందరి పనీ వెంటనే ఆపించండి. కొత్తగా ఏదీ కాపీ చేయొద్దు, రికవరీ సాఫ్ట్‌వేర్‌ను కూడా అదే డ్రైవ్‌లో ఇన్‌స్టాల్ చేయొద్దు. పోయిన ఫైలు ఉన్న చోట కొత్తది పడితే ఎవరూ తీయలేరు. డిస్కు ఎస్‌ఎస్‌డీ అయితే ఖాళీ అయిన చోటును అదే తుడిచేసుకుంటుంది కాబట్టి రికవరీ మీద ఎక్కువ ఆశ పెట్టుకోకుండా, ఆ ఫైలును మెయిల్‌లో గానీ వాట్సాప్‌లో గానీ ఎవరికైనా పంపారేమో వెతకడం మొదలుపెట్టండి.